మూసిన పుస్తకం, ఖాళీ కాగితం: ప్లస్ టూ రసాయనశాస్త్ర పునశ్చరణపై సంవాదం

తమిళనాడులో ప్లస్ టూ అని పిలిచే పన్నెండో తరగతి పాఠశాల చదువుకు చివరి మెట్టు. అక్కడ రసాయనశాస్త్రానికి ఉన్న నూరు మార్కుల్లో 70 రాతపరీక్షకు, 20 ప్రయోగ పరీక్షకు, మిగిలిన 10 పాఠశాల వేసే అంతర్గత మార్కులకు కేటాయించారు. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షను ఆ రాష్ట్రం 2007లో ఎత్తివేసింది. అప్పటి నుంచి గణితం మార్కులను నూటికి, భౌతిక, రసాయనశాస్త్రాల మార్కులను చెరి యాభైకి కట్టి, మొత్తం 200కు తేల్చే కటాఫ్ మీదనే సీటు ఆధారపడుతోంది. సరిహద్దుకు అవతల ఆంధ్రప్రదేశ్‌లోని నగరిలో చదివే విద్యార్థి ప్రధానంగా ప్రవేశ పరీక్ష అయిన ఈఏపీసెట్‌లో నాలుగు జవాబుల నుంచి ఒకదాన్ని గుర్తుపట్టి సీటు సంపాదించుకుంటే, ఇవతల తిరుత్తణిలో చదివే విద్యార్థి దాన్ని మూడు గంటలపాటు చేత్తో రాసి సంపాదించుకోవాలి. గుర్తుపట్టడానికి సరిపోయే చదువు రాయడానికి సరిపోదు గనుక, ఏది ఎలా తిరగేయాలన్న ప్రశ్నకు ఇక్కడ బరువు ఎక్కువ.

ఈ సరిహద్దు కూడా మరీ పాతదేమీ కాదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన తిరుత్తణి 1960 మార్చి నెలాఖరు వరకు చిత్తూరు జిల్లాలో ఉండేది. సరిహద్దు వివాదంలో మధ్యవర్తి పటాస్కర్ సిఫార్సుల ప్రకారం చేసిన చట్టం అమలులోకి వచ్చిన ఆ ఏడాది ఏప్రిల్ 1న ఆ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో కలిసి, 1997లో ఏర్పడిన తిరువళ్ళూరు జిల్లాలో ఇప్పుడు ఒక భాగంగా ఉంది. తిరుత్తణి, పళ్ళిపట్టు చుట్టుపక్కల ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. ఆ ఇళ్ళ పిల్లలు ప్లస్ టూ రసాయనశాస్త్రం ప్రశ్నపత్రాన్ని తమిళంలోనో ఇంగ్లీషులోనో చదివి, ఆ భాషలోనే జవాబు రాస్తారు. ఈ సంవాదంలోని ఇద్దరు ఉపాధ్యాయులు ఫలానా పాఠశాలకు చెందిన నిజవ్యక్తులు కారు. ఆ ప్రాంతపు తరగతి గదుల్లో ఎదురుబొదురుగా నిలిచే రెండు వాదాలకు వారు ప్రతినిధులు. ఒకరు తిరువళ్ళూరులో ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన పెద్దాయన, రెండోవారు తిరుత్తణిలో పనిచేసే, వయసులో చిన్నదైన ఉపాధ్యాయిని. ఆయనను ఆమె అయ్యవారూ అంటుంది, ఆమెను ఆయన అమ్మా అంటాడు.

పెద్దాయన తన పక్షాన్ని సూటిగా నిలబెట్టాడు. “కంఠస్థం లేనిదే రసాయనశాస్త్రం లేదమ్మా. పుస్తకం రెండు సంపుటాలు, పదిహేను పాఠాలు. లోహసంగ్రహణంతో మొదలై నిత్యజీవితంలో రసాయనశాస్త్రంతో ముగుస్తుంది. ఒక మార్కు ప్రశ్నలు పదిహేను, తొమ్మిదింటిలో ఆరు రాయవలసిన రెండు మార్కుల ప్రశ్నలు, అదే లెక్కన మూడు మార్కులవి, ఆపైన ఇదో అదో ఎంచుకోవలసిన అయిదు మార్కుల ప్రశ్నలు అయిదు: మొత్తం ముప్పై రెండు జవాబులు నూట ఎనభై నిమిషాల్లో తేలాలి. ఆలోచించి రాయడానికి అక్కడ తీరిక ఎక్కడిది? పేపరు దిద్దేవారి చేతిలో జవాబుల సూచిక ఉంటుంది, అందులోని మాట కనబడితే మార్కు పడుతుంది, కనబడకపోతే పడదు. అందుకే పిల్లలు పాఠాన్ని అయిదుసార్లు చదవాలి, ముఖ్యమైన వాక్యాల కింద గీతలు గీసుకోవాలి, పాఠం వెనకనున్న బుక్‌బ్యాక్ ప్రశ్నలన్నింటికీ జవాబులు వల్లె వేయాలి. సెంటం, అంటే నూటికి నూరు, తెచ్చుకున్నవారంతా ఈ దారినే నడిచారు.”

కంఠస్థం అక్కరలేదని తిరుత్తణి ఉపాధ్యాయిని అనలేదు. పరివర్తన మూలకాల ఎలక్ట్రాన్ విన్యాసాలు, కర్బన చర్యల పేర్లు, నిర్వచనాలు నోటికి రాకుండా పరీక్ష గదిలో అడుగు పెట్టరాదని ఆమె కూడా ఒప్పుకుంది. ఆమె అభ్యంతరం అంతా అయిదుసార్లు చదవడం మీదనే. “చదివిన పేజీని మళ్ళీ చదివినప్పుడు ప్రతి వాక్యమూ తెలిసినట్టే అనిపిస్తుంది, అయ్యవారూ. అది పరిచయం. పరిచయం వేరు, జ్ఞప్తి వేరు. ఎదురుగా ఉన్నదాన్ని గుర్తుపట్టగలగడం పరిచయమైతే, ఎదురుగా లేనిదాన్ని లోపలినుంచి బయటకు తీయగలగడం జ్ఞప్తి. పరీక్ష అడిగేది రెండోదాన్ని. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోడిగర్, కార్పికే అనే మనశ్శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం ఈ సంగతిని తేటతెల్లం చేసింది. విద్యార్థులు ఒక వ్యాసాన్ని చదివాక, కొందరు దాన్నే మళ్ళీ చదివారు, కొందరు కాగితం మూసేసి గుర్తున్నదంతా రాశారు. అయిదు నిమిషాల తరువాత అడిగితే మళ్ళీ చదివినవారు 81 శాతం చెప్పగలిగారు, రాసినవారు 75 శాతం. వారం గడిచాక అదే ప్రశ్న అడిగితే మళ్ళీ చదివినవారికి 42 శాతమే మిగిలింది, రాసినవారికి 56 శాతం నిలిచింది. చదివిన సాయంత్రం తరగతిలో అడిగితే మీ పద్ధతే గెలుస్తుంది. మార్చి నెలలో గెలిచేది అది కాదు.”

పెద్దాయన ఈ లెక్కలకు లొంగలేదు. ఆ ప్రయోగం సూర్యుడి గురించి, సముద్రపు జంతువుల గురించి రాసిన చిన్న వ్యాసాలతో చేసినదనీ, రసాయన సమీకరణం కథ కాదనీ, అందులో ఒక్క అంకె తారుమారైతే జవాబే పోతుందనీ ఆయన గుర్తుచేశాడు. ఆయన అసలు వాదం ఇంకా లోతైనది. ఎక్కాలు, శతక పద్యాలు, అమరకోశం అన్నీ వల్లె వేసిన పిల్లలకు జీవితాంతం గుర్తుండేవి. వేదపాఠశాలల్లో వేల ఏళ్ళుగా ఒక స్వరం తప్పకుండా నిలిచినవి కూడా వల్లె వల్లనే నిలిచాయి. ఇంత గొప్ప అభ్యాస సంప్రదాయం చేతిలో ఉండగా ఎక్కడి ప్రయోగాలతోనో పనేమిటని ఆయన అడిగాడు.

ఆమె జవాబు ఈ సంవాదంలో అన్నింటికన్నా బలమైన చోటు అనవచ్చు, ఎందుకంటే ఆమె ఆయన సాక్ష్యాన్నే తన పక్షానికి తిప్పుకుంది. “ఆ సంప్రదాయంలో పిల్లవాడు తాటాకు వంక చూస్తూ కూర్చోలేదు, అయ్యవారూ. పాఠం విన్నాక గురువు ఎదుట నిలబడి అప్పజెప్పేవాడు. తప్పితే గురువు అక్కడే ఆపి దిద్దేవాడు. మర్నాడు కొత్త పాఠానికి ముందు పాత పాఠం మళ్ళీ అప్పజెప్పించుకునేవాడు. అప్పజెప్పడమంటే మూసిన పుస్తకం ముందు పెట్టే పరీక్షే కదా? వేదపాఠంలో ఇంకో అడుగు ముందుకు వేశారు. క్రమపాఠంలో ఒకటి రెండు, రెండు మూడు, మూడు నాలుగు అని పదాలను జతలుగా చెప్పిస్తారు. జటాపాఠంలో ఒకటి రెండు, రెండు ఒకటి, మళ్ళీ ఒకటి రెండు అని వెనక్కీ ముందుకూ తిప్పిస్తారు. వరస మారినా పట్టు తప్పకూడదన్నది అందులోని ఉద్దేశం. మన పెద్దలు చేసినది గట్టి పరీక్ష. మన పిల్లలు చేస్తున్నది ఆ పరీక్ష లేని పారాయణం మాత్రమే.”

పెద్దాయన కొంత మెత్తబడ్డాడు గానీ, తన అనుభవంలోంచి మరో అభ్యంతరం తీశాడు. ఉత్తీర్ణతకు నూటికి 35 మార్కులు రావాలి, అందులో రాతపరీక్షలో కనీసం 15 ఉండాలి. ఆ గీత దగ్గర ఊగిసలాడే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వాళ్ళలో చాలామంది తమ ఇంట్లో ప్లస్ టూ దాకా వచ్చిన మొదటివారు, ఇంట్లో పాఠం చెప్పేవారు లేరు, ట్యూషన్‌కు డబ్బులు లేవు. అటువంటి పిల్లవాడి చేతికి ఖాళీ కాగితం ఇచ్చి గుర్తున్నది రాయమంటే రెండు వాక్యాల దగ్గర ఆగిపోతాడు, తనకేమీ రాదని తేల్చుకుంటాడు, మర్నాటి నుంచి రివిజన్ తరగతికే రాడు. పుస్తకం తెరిచి చదువుతుంటే కనీసం ధైర్యమైనా ఉంటుంది.

ఈ మాటను ఉపాధ్యాయిని తేలికగా తీసుకోలేదు. మూసిన పుస్తకం పద్ధతి చేసేటప్పుడు కష్టంగా, ఓటమిలా తోస్తుందన్నది నిజమేనని ఆమె అంగీకరించింది. 2007లో రోరర్, టేలర్ అనే ఇద్దరు గణిత అభ్యాసంపై చేసిన ప్రయోగంలోనూ ఇదే కనబడింది: ఒకే రకం లెక్కలను వరసగా చేసినవారు సాధన సమయంలో 89 శాతం సరిగ్గా చేస్తే, నాలుగు రకాల లెక్కలను కలగలిపి చేసినవారు 60 శాతమే సరిగ్గా చేశారు, వారం తరువాత పెట్టిన పరీక్షలో మాత్రం వరసగా చేసినవారికి 20 శాతం, కలగలిపి చేసినవారికి 63 శాతం వచ్చాయి. సాధనలో కనబడే సాఫల్యాన్ని నమ్ముకుంటే పరీక్షలో మోసపోతామని ఆమె హెచ్చరించింది. బలహీనమైన పిల్లవాడికి మొత్తం పాఠం అడగకూడదు. మూడు సమీకరణాలు చదివించి, పుస్తకం మూయించి, ఆ మూడే రాయించాలి. రాశాక పుస్తకం తెరిచి తన తప్పును తానే ఎర్ర సిరాతో దిద్దుకోనివ్వాలి. ఆ తప్పు మాత్రం వేరే నోటుపుస్తకంలో ఎక్కాలి. మూడింటిలో రెండు వచ్చిన పిల్లవాడికి కలిగే ధైర్యం పేజీలకు పేజీలు చదివిన పిల్లవాడి ధైర్యం కన్నా నిజమైనదని ఆమె వాదించింది.

అక్కడితో పద్ధతుల మాట పక్కకు పోయి, వాదం ఒక ప్రశ్న మీద నిలిచింది. ప్రథమ క్రమాంక చర్య అంటే, చర్య వేగం ఒకే క్రియాజనకపు గాఢతకు అనులోమంగా ఉండే చర్య. దాని అర్ధాయువు, అంటే పదార్థం సగానికి తగ్గడానికి పట్టే కాలం, మొదట ఎంత పదార్థం ఉన్నా మారదు. అటువంటి చర్య 99.9 శాతం పూర్తికావడానికి పట్టే కాలం అర్ధాయువుకు ఇంచుమించు పది రెట్లని నిరూపించమనే ప్రశ్న ఆ తరగతిలో అందరికీ తెలిసినదే. పెద్దాయన దాన్ని నాలుగు మెట్లలో రాయిస్తాడు: కాలానికి సూత్రం రాయాలి, నూటిలో 0.1 మిగిలిందని ప్రతిక్షేపించాలి, వెయ్యికి సంవర్గమానం 3 గనుక 2.303ను మూడుతో గుణించి 6.909 తెచ్చుకోవాలి, దాన్ని 0.693తో భాగించి పది చూపాలి. ప్రతి మెట్టుకూ మార్కు ఉంది కాబట్టి మెట్లు నోటికి రావాలని ఆయన పట్టుబట్టాడు.

“మెట్లు రావలసిందే. ఒక మెట్టు మరిచిపోతే పిల్లవాడు ఏం చేస్తాడన్నది ప్రశ్న,” అని ఆమె అందుకుంది. “మొదటి అర్ధాయువుకు సగం, రెండో దానికి పావు, మూడో దానికి ఎనిమిదో వంతు, ఇలా పదిసార్లు సగం చేస్తే మిగిలేది 1024లో ఒక వంతు. వెయ్యిలో ఒక వంతు మిగలడమంటే 99.9 శాతం పూర్తికావడం. కాబట్టి జవాబు పది దగ్గరికే రావాలని పిల్లవాడికి లెక్క మొదలుపెట్టకముందే తెలుస్తుంది. సంవర్గమానం తప్పు చూసి పాతిక తెచ్చుకున్నవాడు ఆ తప్పును అక్కడే పట్టుకుంటాడు. నోటికి వచ్చిన మెట్లకు ఇటువంటి కాపలా లేకపోతే, తప్పు జవాబు కింద గీత గీసి తరువాతి ప్రశ్నకు పోతాడు.”

పీహెచ్ విషయంలోనూ ఆమె ఇలాంటి ఉదాహరణే చూపింది. పీహెచ్ అంటే ద్రావణంలోని హైడ్రోజన్ అయాన్ల గాఢతకు రుణ సంవర్గమానం. లీటరుకు 10⁻⁸ మోల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్న ద్రావణం పీహెచ్ ఎంతని అడిగితే సూత్రం ఒక్కటే పట్టుకున్న విద్యార్థి 8 అని రాస్తాడు. నీళ్ళలో ఆమ్లం కలిపితే అది క్షారం ఎలా అవుతుందని ఒక్క క్షణం ఆగినవాడు, నీటి నుంచి వచ్చే హైడ్రోజన్ అయాన్లను కూడా లెక్కలో కలుపుకొని 6.98 దగ్గరికి చేరతాడు. రెండు, మూడు మార్కుల భాగాల్లో తప్పనిసరిగా రాయవలసిన ప్రశ్న ఒక్కొక్కటి ఉంటుంది. అది ఏ రూపంలో వచ్చినా వదిలేసే వీలు లేదు గనుక, ఆ ఒక్క క్షణం ఆగే అలవాటును పునశ్చరణలోనే నేర్పాలన్నది ఆమె పట్టు.

కలగలిపి చదవడం గురించి పెద్దాయనకు సందేహం పోలేదు. పాఠాల వరసలోనే పోతే క్రమశిక్షణ ఉంటుందనీ, పిల్లలు ఒక పాఠం సగంలో వదిలి ఇంకో పాఠానికి గెంతితే రెండూ పాడవుతాయనీ ఆయన అన్నాడు. మొదటిసారి నేర్చుకునేటప్పుడు వరస ఉండవలసిందేనని ఆమె ఒప్పుకొని, తిరగేసేటప్పుడు వరస ఎందుకు చెరుపు చేస్తుందో కార్బొనైల్ సమ్మేళనాలతో చూపింది. కానిజరో చర్య అన్న శీర్షిక కింద ప్రశ్నలు చేస్తున్న విద్యార్థికి జవాబు కానిజరో అని ముందే తెలుసు. అతడు ఎంపిక చేయడం లేదు, నింపుతున్నాడు. అసిటాల్డిహైడ్, బెంజాల్డిహైడ్, ఫార్మాల్డిహైడ్ అనే మూడు పేర్లు ఒక కాగితం మీద రాసి, సోడియం హైడ్రాక్సైడ్‌తో దేనికి ఏమవుతుందని అడిగితే, అతడు ముందుగా ఆల్ఫా హైడ్రోజన్ ఉందా లేదా అని చూడాలి; అంటే కార్బొనైల్ సమూహానికి పక్కనున్న కార్బన్ మీద హైడ్రోజన్ ఉందో లేదో చూడాలి. ఉన్నది అసిటాల్డిహైడ్‌కు, కాబట్టి విలీన క్షారంలో రెండు అణువులు కలిసి ఆల్డాల్ ఏర్పడుతుంది. మిగిలిన రెండింటికీ అది లేదు, కాబట్టి గాఢ క్షారంలో ఒక అణువు ఆక్సీకరణం చెంది ఆమ్లపు లవణంగా, ఇంకొకటి క్షయకరణం చెంది ఆల్కహాల్‌గా మారతాయి. బెంజాల్డిహైడ్‌కు క్షారం బదులు ఆల్కహాల్‌లో కరిగించిన పొటాషియం సయనైడ్ ఇస్తే కథ మళ్ళీ మారి బెంజాయిన్ వస్తుంది. ప్రశ్నపత్రం పాఠాల పేర్లు రాసి అడగదు గనుక, ఏ పాఠంలోదో తేల్చుకోవడం కూడా సాధనలో భాగం కావాలి.

ఇక్కడ పెద్దాయన స్వయంగా ఒక ఉదాహరణ తెచ్చాడు, అది ఆమె వాదానికే అక్కరకు వచ్చింది. ఫిబ్రవరిలో ప్రయోగ పరీక్ష అయిపోగానే పిల్లలు ప్రయోగశాల తలుపు మూసేస్తారనీ, ఒక్క అంశమాపనంలో ఎంత పాఠం ఉందో ఎవరూ చూడరనీ ఆయన బాధపడ్డాడు. అంశమాపనమంటే గాఢత తెలిసిన ద్రావణాన్ని బొట్టు బొట్టుగా కలుపుతూ తెలియని ద్రావణపు గాఢతను కనుక్కోవడం. బ్యూరెట్‌లో పొటాషియం పర్మాంగనేట్, శాంకవ కుప్పెలో ఆక్సాలిక్ ఆమ్లం, దానికి కాస్త సల్ఫ్యూరిక్ ఆమ్లం. “హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఎందుకు పోయరని అడగండమ్మా, జవాబు రాదు. పర్మాంగనేట్ దాన్ని క్లోరిన్‌గా ఆక్సీకరిస్తుంది, అప్పుడు కొలత ఎక్కువ చూపుతుంది. నైట్రిక్ ఆమ్లం తానే ఆక్సీకరణి, అదీ పనికిరాదు. ద్రావణం ముదురు రంగు కాబట్టి బ్యూరెట్‌లో నెలవంక అడుగు కనబడదు, పైఅంచునే చదవాలి. కుప్పెను 60, 70 డిగ్రీల దాకా వేడిచేశాక కూడా మొదటి బొట్ల రంగు పోవడానికి కొంచెం సమయం పడుతుంది, తరువాతి బొట్లకు పడగానే పోతుంది. ఎందుకు? చర్యలో పుట్టిన మాంగనస్ అయానే ఆ చర్యను వేగిరపరుస్తుంది. తన ఉత్పన్నమే తనకు ఉత్ప్రేరకం కావడం స్వయం ఉత్ప్రేరణం.” ఆ కుప్పెలో పరివర్తన మూలకాల పాఠం ఉంది, ఎందుకంటే మాంగనీస్ +7 నుంచి +2కు దిగి అయిదు ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది, ఒక్కో ఆక్సలేట్ రెండు ఎలక్ట్రాన్లే ఇస్తుంది గనుక రెండు పర్మాంగనేట్లకు అయిదు ఆక్సలేట్లు కావాలి. చర్యల వేగం పాఠం అందులోనే ఉంది, ఉపరితల రసాయనశాస్త్రంలోని ఉత్ప్రేరణమూ అందులోనే ఉంది. ప్రయోగ పరీక్ష ముందు రోజు ఆ కుప్పె గురించి ఎందుకు అన్న మాటతో మొదలయ్యే ప్రశ్నలు అడిగి జవాబులు రాయించడం ఇద్దరికీ నచ్చిన పద్ధతి. వారిద్దరూ మనస్ఫూర్తిగా ఏకీభవించిన చోటు ఇదొక్కటే అని చెప్పాలి.

కాలం పంపకం దగ్గర మళ్ళీ విడిపోయారు. డిసెంబరులో అర్ధవార్షిక పరీక్ష, జనవరి ఫిబ్రవరిలలో రివిజన్ పరీక్షలు, మార్చిలో పబ్లిక్ పరీక్ష. ఈ నడుమ ప్రతి పాఠానికీ మూడు రోజులు ఏకబిగిన ఇచ్చి ముగించేస్తే మంచిదని పెద్దాయన అభిప్రాయం. ఆమె 1885లో జర్మనీలో మనశ్శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ ప్రచురించిన ఫలితాలను ముందుపెట్టింది. అర్థంలేని అక్షరాల జాబితాలను తానే వల్లె వేసి, మళ్ళీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గిందో కొలిచిన ఆయనకు గంట గడిచేసరికి సగానికి పైగా, ఒక రోజు గడిచేసరికి దాదాపు మూడింట రెండు వంతులు చేజారినట్టు తేలింది. ఆ మీదట మరుపు నెమ్మదించింది. అర్థం ఉన్న పాఠం అంత త్వరగా పోదు, పోవడమైతే పోతుంది. అందువల్ల మూడు రోజుల సమయాన్నే విడగొట్టి, పాఠం ముగిసిన మర్నాడు ఒకసారి, నాలుగైదు రోజులకు ఒకసారి, రెండు మూడు వారాలకు మరోసారి మూసిన పుస్తకంతో రాయించాలని ఆమె చెప్పింది. తిరుత్తణి నుంచి అరక్కోణం మీదుగా తిరువళ్ళూరు వైపు రైల్లో వెళ్ళే పిల్లలకు పుస్తకం తెరవడానికి చోటు దొరక్కపోవచ్చు. ఒక వైపు ప్రశ్న, వెనక జవాబు రాసుకున్న చిన్న అట్టముక్కలు జేబులో పడతాయి, తిరువాలంగాడు నుంచి కడంబత్తూరు చేరేలోగా కొన్ని తిరగేయవచ్చు. జవాబు చూడకుండా మనసులో చెప్పుకున్నాకే వెనక్కి తిప్పాలన్న నియమం ఒక్కటి పాటించకపోతే అట్టముక్కలూ మళ్ళీ చదవడంగానే మారిపోతాయని ఆమె జాగ్రత్త చెప్పింది.

చివరికి వాదం భాష దగ్గరకు వచ్చింది. ఇద్దరి గొంతూ పెరిగింది అక్కడే. పెద్దాయన నిక్కచ్చిగా మాట్లాడాడు. “పిల్లవాడు రాయవలసింది తమిళంలోనో ఇంగ్లీషులోనో అయినప్పుడు తెలుగులో చెప్పుకుంటూ కూర్చోవడం రెండింతల శ్రమ అమ్మా. ఆక్సీకరణం, క్షయకరణం అన్న మాటలు అతడు ఏ తరగతిలోనూ వినలేదు. వినేది ఆక్సిజనేట్రం, ఒడుక్కం, లేదా వాటి ఇంగ్లీషు పేర్లు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి మొదలై ఒక్కో ఏడాది ఒక్కో తరగతికి పాకింది. ఆ తరువాత బడికి వచ్చిన పిల్లల్లో తెలుగు లిపి సరిగ్గా రానివారూ ఉన్నారు. పరీక్ష నెలలో ఇంకో భాష నెత్తిన పెడతారా?”

తెలుగు లిపి రాని పిల్లలు ఉన్నారన్న మాటకు ఆమె నొచ్చుకుంది, కాదనలేదు. జవాబు రాసే సాధన అంతా పరీక్ష భాషలోనే జరగాలనీ, నిర్వచనాలు ఆ భాషలోనే నోటికి రావాలనీ ఆయన చెప్పినదాన్ని ఆమె పూర్తిగా ఒప్పుకుంది. ఆమె తెలుగును కోరినది రాయడానికి కాదు, కారణం చెప్పుకోవడానికి. పొదటూరుపేటలో మగ్గం పనిచేసే తల్లికి రసాయనశాస్త్రం రాదు. కానీ కొడుకు ఆమెకు తెలుగులో ఒక సంగతి విడమరచి చెప్పబోతే, అదెందుకని ఆమె అడిగే మాట ఏ స్లిప్ టెస్ట్ కన్నా తక్కువది కాదు. తిరువాలంగాడులో సహకార చక్కెర కర్మాగారం ఉంది. నరికిన చెరకు ఆలస్యంగా చేరితే చక్కెర దిగుబడి పడిపోతుందని చుట్టుపక్కల రైతులందరికీ తెలుసు. ఎందుకు పడిపోతుందో ఇంట్లో తెలుగులో చెప్పగలిగిన విద్యార్థికి, సుక్రోజ్ నీటితో విడిపోయి గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా మారుతుందన్న జీవాణువుల పాఠం పట్టుబడినట్టే. సుక్రోజ్ ధ్రువిత కాంతిని +66.6 డిగ్రీలు కుడికి తిప్పుతుంది. విడిపోయాక గ్లూకోజ్‌కు +52.5, ఫ్రక్టోజ్‌కు −92.4 కాబట్టి మిశ్రమం ఎడమకు తిప్పుతుంది; అందుకే దాన్ని విలోమ చక్కెర అంటారు. ప్రయోగశాలలో ఆమ్లం చేసే ఆ పనిని చెరకులో ఎంజైములు, సూక్ష్మజీవులు చేస్తాయి. నీరు విస్తారంగా ఉండి దాని గాఢత మారనందువల్ల ఆమ్లంలో జరిగే ఆ చర్య ప్రథమ క్రమాంక చర్యలా నడుస్తుందన్నది చర్యల వేగం పాఠంలోని సంగతి.

“చక్కెర మిల్లు గురించి ప్రశ్నపత్రంలో అడగరు,” అని పెద్దాయన ఆఖరి అస్త్రం వేశాడు. అడగరని ఆమె ఒప్పుకుంది. విలోమం ఎందుకని మాత్రం అడుగుతారనీ, కారణం తెలిసినవాడు తమిళంలోనైనా ఇంగ్లీషులోనైనా రెండు వాక్యాల్లో రాయగలడనీ, వాక్యం మాత్రమే తెలిసినవాడు ఒక మాట మరిచిపోతే అక్కడే ఆగిపోతాడనీ జవాబిచ్చింది. పెద్దాయన దీన్ని అంగీకరించలేదు, ఖండించనూ లేదు. పుస్తకం మూసి రాయించే పద్ధతిని తన తరగతిలో మొదలుపెడతానని మాటిచ్చాడు. తెలుగు మాట ఇంట్లో ఉంటే చాలునని తన పట్టు విడవలేదు. ఈ చివరి విషయంలో ఈ వ్యాసకర్త తీర్పు ఉపాధ్యాయిని వైపే ఉంది: ఇంటిభాషలో కారణం చెప్పలేని పిల్లవాడికి ఏ భాషలో కంఠస్థం వచ్చినా అది పరీక్ష గదిలో తడబాటును తట్టుకోదు.

తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల్లో రెండు భాషలూ తెలిసిన రసాయనశాస్త్ర ఉపాధ్యాయులు ఉన్నారు. పదిహేను పాఠాల్లో వచ్చే ముఖ్యమైన సాంకేతిక పదాలను తమిళం, ఇంగ్లీషు, తెలుగు మూడు వరసల్లో వారే ఒక చిన్న పట్టికగా రాసి, అర్ధవార్షిక పరీక్షకు ముందే పిల్లల చేతికి అందించాలి. తెలుగు వరసను తెలుగు లిపి చదవలేని పిల్లల కోసం తమిళ లిపిలో కూడా రాయవచ్చు.